డెట్రాయిట్ టెక్నో: నలభై ఏళ్ల జమాఖర్చు

1981లో డెట్రాయిట్‌లో ‘అల్లీస్ ఆఫ్ యువర్ మైండ్’ అనే చిన్న రికార్డు వచ్చింది. చేసింది ఇద్దరు. ఒకరు అప్పుడప్పుడే హైస్కూలు దాటిన హువాన్ అట్కిన్స్, ఇంకొకరు వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన రిక్ డేవిస్. పెద్ద కంపెనీ అండ లేదు, లేబుల్ కూడా సొంతదే. రాత్రిపూట రేడియోలో ఎలక్ట్రిఫయింగ్ మోజో పేరుతో కార్యక్రమం నడిపే డీజే ఆ పాటను పట్టుకుని పదే పదే వినిపించారు. సుమారు 15,000 కాపీలు అమ్ముడుపోయాయి. ఎక్కువ భాగం ఆ నగరంలోనే, ఆ చుట్టుపక్కలే.

ఎలక్ట్రానిక్ పరికరాలతో చేసే డాన్స్ సంగీతమే టెక్నో. డెట్రాయిట్ టెక్నో లెక్కలు ఆ 15,000 నుంచే మొదలుపెట్టాలి. ఆ రంగంలో మూడు, నాలుగు దశాబ్దాలు నిలిచిన డీజేల జీవితాలు వరసగా చదువుతూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. హిట్ పాట ఎంత పెద్దదైనా రెండు మూడేళ్లే తిండి పెట్టింది. పాట మీద హక్కు, సొంత లేబుల్ ఉన్నవాళ్లే చివరిదాకా నిలిచారు. ఆ ఊరి ప్రమోటర్లకు ఆ దారి కూడా లేదు. వాళ్ల సంగతి తర్వాత.

ముందు ఊరి పరిస్థితి. 1950లో డెట్రాయిట్ జనాభా 18.5 లక్షలు. 1980 నాటికి 12 లక్షలు. 2000లో 9.5 లక్షలు. 2020లో 6.4 లక్షలు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడటం, స్థోమత ఉన్నవాళ్లు శివార్లకు తరలిపోవడం, పన్నుల రాబడి తగ్గడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. 2013 జులైలో నగరపాలక సంస్థే దివాలా పిటిషన్ వేసింది. రాత్రి పూట టికెట్ కొని డాన్స్ చేయడానికి రావాల్సిన జనం డెబ్బై ఏళ్లలో మూడో వంతుకు పడిపోయిన ఊరది. ఏ వృత్తికైనా ఇది గడ్డు లెక్కే.

అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ డెట్రాయిట్‌కు 50 కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న బెల్‌విల్‌లో ఒకే బడిలో చదివారు. అట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ లేబుల్ పెట్టారు, 1986లో మే ట్రాన్స్‌మ్యాట్, ఆ మరుసటేడు సాండర్సన్ కేఎంఎస్. వాళ్లు వాడిన పరికరాల్లో రోలండ్ కంపెనీ 909 డ్రమ్ మెషీన్ ఒకటి. 1983లో వచ్చినప్పుడు దాని ధర 1,195 డాలర్లు. సుమారు 10,000 తయారుచేసి కంపెనీ ఆపేసింది. మార్కెట్ కాదనుకున్న ఆ యంత్రాలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడం వల్లే మధ్యతరగతి నల్లజాతి కుర్రాళ్ల చేతికి వచ్చాయి.

1988లో బ్రిటన్‌లో వర్జిన్ సంస్థకు చెందిన 10 రికార్డ్స్ ఈ పాటలను ఒక సంకలనంగా తెచ్చింది. టెక్నో అన్న పేరు ప్రపంచానికి తెలిసింది దాని వల్లే. అందులోంచి సాండర్సన్ బృందం ఇన్నర్ సిటీ పాట ‘బిగ్ ఫన్’ బ్రిటన్ చార్టులో 8వ స్థానానికి వెళ్లింది. దాని వెనకే వచ్చిన ‘గుడ్ లైఫ్’ 4వ స్థానానికి చేరింది. స్వదేశంలో ఇవే పాటలు డాన్స్ చార్టులో పైకెక్కినా, ప్రధాన పాప్ చార్టులో టాప్ 40 దరిదాపులకు కూడా రాలేదు. అమెరికా వినలేదు, యూరప్ వింది. డీజేలు పాస్‌పోర్టులు తీసుకున్నారు.

అదే 1988లో డెట్రాయిట్ నడిబొడ్డున, 1315 బ్రాడ్‌వేలో మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బు తెరిచారు. ఏడాదిన్నరకే, 1989 చివర్లో మూసేశారు. ఇంత పేరున్న క్లబ్బు ఇంత కొద్దికాలమే నడవడానికి కారణం వెతికితే గడియారం దగ్గరికి వెళ్తాం. మిషిగన్ రాష్ట్రంలో మామూలుగా రాత్రి 2 గంటలకు మద్యం అమ్మకం ఆపేయాలి. క్లబ్బు నడిపేవాడికి తలుపు దగ్గర టికెట్ డబ్బు ఒక ఎత్తు, బార్ అమ్మకాలు ఇంకో ఎత్తు. పొద్దు పొడిచేదాకా పాటలు వేయాలంటే మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అసలు మద్యమే పెట్టలేదు. పళ్లరసాలు అమ్మింది. సంగీతానికి అది వరం, ఖాతాకు మాత్రం గుదిబండ. బెర్లిన్ చూడండి. అక్కడ క్లబ్బులకు మూసే వేళ అన్న నిబంధనను 1949లోనే ఎత్తేశారు. గోడ కూలాక 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ ఖజానా గదిలో ట్రెజోర్ క్లబ్బు మొదలైంది. ఆ క్లబ్బు లేబుల్ తెచ్చిన తొలి ఆల్బమ్ చేసింది డెట్రాయిట్ బృందమే, అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్. డీజేకి ఒక రాత్రికి డబ్బు ఇవ్వగల ఊరికీ ఇవ్వలేని ఊరికీ తేడా ప్రతిభలో లేదు. తెరిచి ఉండే గంటల్లో ఉంది, ఖాళీ భవనాల మీద నగరం చూపే ధోరణిలో ఉంది.

అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్‌ను మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ 1989లో మొదలుపెట్టారు. బ్యాంక్స్ ఊరు వదల్లేదు. 1992లో సబ్‌మర్జ్ పేరుతో పంపిణీ సంస్థ పెట్టి, డెట్రాయిట్ లేబుళ్ల రికార్డులను ప్రపంచమంతా పంపే ఏర్పాటు చేశారు. రికార్డులు అచ్చయ్యేది కూడా ఆ ఊళ్లోనే, 1965 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న ఆర్చర్ ప్రెస్సులో. పాట చేయడం, అచ్చు వేయడం, పంపడం మూడూ ఒకే ఊళ్లో జరిగితే దళారీ వాటా తగ్గుతుంది. నా దృష్టిలో డెట్రాయిట్ సంగీతం చేసిన అతి పెద్ద ఆర్థిక ఆవిష్కరణ ఇదే. దీని విలువ 1999లో బయటపడింది. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందంలోని డీజే రొలాండో చేసిన ‘నైట్స్ ఆఫ్ ది జాగ్వార్’ యూరప్ క్లబ్బుల్లో మోగిపోతుంటే, సోనీ జర్మనీ విభాగం అనుమతి లేకుండానే అచ్చం అలాగే మరో రికార్డు చేయించింది. ఈ చిన్న బృందం అభిమానులను కూడగట్టి గొడవకు దిగింది. లేబుల్ చేతిలో ఉంది కాబట్టే ఆ కొట్లాటకు దమ్ము వచ్చింది.

మిల్స్ ఇంకో దారి పట్టారు. 1992లో ఆక్సిస్ లేబుల్ పెట్టుకుని యూరప్‌ను కార్యక్షేత్రం చేసుకున్నారు. 2005లో మోంపెలియే ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేశారు. ఫ్రాన్స్ ప్రభుత్వం 2007లో ఒకసారి, 2017లో మరోసారి కళా పురస్కారంతో సత్కరించింది. ఊళ్లోనే ఉండిపోయినవాళ్లలో మైక్ హకబీ పేరు చెప్పాలి. ఆయన రికార్డుల దుకాణంలో ఏళ్ల తరబడి పనిచేశారు. యూత్‌విల్ కేంద్రంలో పిల్లలకు కంప్యూటర్ మీద సంగీతం చేయడం నేర్పారు. వారాంతాల్లో యూరప్ వెళ్లి వాయించి వచ్చేవారు. 2020 ఏప్రిల్‌లో, కొవిడ్ తొలి నెలల్లో, 54 ఏళ్లకే పోయారు. వీళ్లందరికన్నా ముందు డాన్స్ ఫ్లోర్లను తీర్చిదిద్దిన కెన్ కాలియర్ 1996లో కన్నుమూశారు. ఆయన ఇతరుల రికార్డులు వాయించి మెప్పించిన మనిషి. సొంత రికార్డుల వారసత్వం లేకపోవడంతో ఊరి బయట ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. మంచి డీజే ఉన్న గదిలో పాఠం నేర్చుకున్నవాళ్లే తర్వాత పాటలు చేశారు కదా.

ఇక ప్రమోటర్లు. 2000 మే నెలాఖరున, మెమోరియల్ డే వారాంతంలో, నది ఒడ్డున 14 ఎకరాల హార్ట్ ప్లాజాలో తొలి డెట్రాయిట్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఫెస్టివల్ జరిగింది. ప్రవేశం ఉచితం. ఆ ఊరి టెక్నో కళాకారుడు కార్ల్ క్రెయిగ్ దానికి కళా దర్శకుడు. మూడు రోజుల్లో పది లక్షల మంది వచ్చారని ప్రచారం జరిగింది. చిన్న లెక్క వేద్దాం. 14 ఎకరాలంటే సుమారు 56,600 చదరపు మీటర్లు. రోజుకు 3.3 లక్షల మంది ఒకేసారి నిలబడితే చదరపు మీటరుకు ఆరుగురు. వేదికలు, మెట్లు, ఫౌంటెన్ తీసేయకుండానే! జనం వస్తూ పోతూ ఉంటారనుకున్నా ఆ అంకెను నమ్మడం కష్టం. టికెట్ లేని చోట గేటు లెక్క ఉండదు, గేటు లెక్క లేని చోట స్పాన్సర్‌కు చూపడానికి పెద్ద అంకె ఒకటి పుట్టుకొస్తుంది.

రెండో ఏడు ఉత్సవానికి కొద్ది రోజుల ముందు క్రెయిగ్‌ను నిర్వాహకులు తొలగించారు. అభిమానులు భగ్గుమన్నారు. 2003లో నగరం డబ్బు వెనక్కి తీసుకుంది. డెరిక్ మే ‘మూవ్‌మెంట్’ పేరుతో ఉత్సవాన్ని నెత్తిన వేసుకుని సొంత డబ్బు పెట్టి నడిపారు. 2005లో సాండర్సన్ వంతు వచ్చింది. అప్పుడే మొదటిసారి రోజుకు 10 డాలర్ల టికెట్ పెట్టారు. ఆరేళ్లలో ముగ్గురు పేరున్న కళాకారులు ఈ బరువు మోసి దించారు. వాళ్లు అసమర్థులని కాదు. ధ్వని పరికరాలు, భద్రత, బీమా, పోలీసు బందోబస్తు ఖర్చులు పాట బాగుందా లేదా చూడవు. వాన పడ్డా కట్టాల్సిందే. 2006లో పాక్సహౌ సంస్థ బాధ్యత తీసుకుంది. 1998 నుంచి చిన్న చిన్న కార్యక్రమాలు చేస్తూ వచ్చిన స్థానిక ప్రమోటర్లే వాళ్లు. కొవిడ్ కారణంగా 2020, 2021 తప్ప అప్పటినుంచి ఏటా జరుగుతూనే ఉంది. 2010లలో మూడు రోజులకూ కలిపి లక్ష హాజరీల వరకూ గేటు దగ్గర లెక్కకు వచ్చాయి. ఉచితంగా ఊరికి పండగ చేయాలన్న తొలి ఆశయం గొప్పది. ఆ పండగను నిలబెట్టింది మాత్రం టికెట్ పుస్తకం. టికెట్ ధర పెరిగే కొద్దీ ఊళ్లో పేదలు దూరమవుతారన్న బాధ నిజమే, దానికి ఇంకా సరైన జవాబు దొరకలేదు.

2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. డెట్రాయిట్‌లో టెక్నో చరిత్రకు ప్రదర్శనశాల కట్టింది ప్రభుత్వం కాదు. 3000 ఈస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని సబ్‌మర్జ్ భవనంలో ఆ సంగీతకారులే పెట్టుకున్నారు.

డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ ప్రాంతాల్లో మనవాళ్ల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2015 తానా మహాసభలు జరిగిన అప్పటి కోబో సెంటర్ నుంచి హార్ట్ ప్లాజాకు నడిచి వెళ్లొచ్చు. ముందుగా అడిగి సమయం తీసుకుంటే సబ్‌మర్జ్ భవనం చూపిస్తారు, పిల్లలను తీసుకెళ్లండి. దూరాన ఉన్నవాళ్లు ఈ సంగీతం నచ్చితే ఆయా లేబుళ్ల దగ్గరే కొనండి. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ పాట కొంటే ఆ సంస్థ తీసుకునేది సాధారణంగా 15 శాతం. చెల్లింపు రుసుములు పోను మిగిలినది లేబుల్‌కు చేరుతుంది.