కాన్పుతో పోని ముప్పు

‘కాన్పుతోనే బీపీ పోయింది’. దళితవాడల్లో తల్లులతో మాట్లాడినప్పుడల్లా మాకు వినిపించే మాట ఇది. చాలామందికి కొలత తగ్గడం నిజమే. ముప్పు మాత్రం మిగిలే ఉంటుంది.

గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన ఊళ్లలో గుర్రపువాతం అంటారు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు ఆ తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు మిగతావారి కంటే దాదాపు రెట్టింపు. శాశ్వతంగా బీపీ ఉండిపోయే ముప్పు ఇంకా ఎక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని స్త్రీల గుండెజబ్బు కారణాల జాబితాలో చేర్చింది.

మన దగ్గర ఆశా కార్యకర్త బాలింత ఇంటికొచ్చి చూసేది 42 రోజుల వరకే. బీపీ, షుగర్ పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం 30 ఏళ్లు నిండినవారికి. 20 ఏళ్లకే తల్లయి, మళ్లీ కూలికి పోయే స్త్రీ ఈ మధ్య పదేళ్లు ఆ లెక్కలోకే రాదు. 30 నిండాక నింపే ఫారంలో పొగాకుకు, మద్యానికి, నడుం కొలతకు, కుటుంబంలోని జబ్బులకు మార్కులున్నాయి. గర్భంలో వచ్చిన బీపీకి లేవు.

దళిత స్త్రీల సగటు మరణ వయసు అగ్రవర్ణ స్త్రీల కంటే 14.6 ఏళ్లు తక్కువని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక చెప్పింది. ఇంత తేడా ఉన్నచోట ముందే తెలిసిన ముప్పును వదిలేయడం అన్యాయం.

తల్లీబిడ్డల కార్డును దాచుకోమని, ఏ డాక్టరుకైనా ఈ సంగతి చెప్పమని, ఏటా బీపీ, షుగర్ చూపించుకోమని వాడలో చెబుదాం. వయసుతో పని లేకుండా ఈ తల్లుల పేర్లు ఉపకేంద్రం రిజిస్టరులో ఉండాలని గ్రామసభలో అడుగుదాం.