సఫారీ బంద్.. మరి వానాకాలంలో నల్లమలకు వెళ్లి ఏం చేయాలి? పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి ఇవే!

వాన పడిందంటే చాలు, నల్లమల వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. పచ్చటి కొండలు, రోడ్డు మీదకు దిగిన మబ్బులు చూసి ఆదివారం పిల్లలను కారెక్కించేస్తాం. తీరా మన్ననూరు చేరాక "సఫారీ లేదు సార్, అక్టోబర్‌లో రండి" అంటారు. వెనుక సీట్లో పిల్లలు ఏడుపు ముఖం పెడతారు. ఏటా ఎన్నో కుటుంబాలకు జరిగేదే ఇది.

మరి ఈ మూడు నెలలు నల్లమలకు వెళ్లడం దండగేనా? కానే కాదు. కాకపోతే ఏది మూసి ఉంటుంది, ఏది తెరిచి ఉంటుంది, ఎన్నింటికి తిరుగు ప్రయాణం కట్టాలి అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

అసలు సఫారీ ఎందుకు ఆపుతారు?

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఇదొకటి. ఇక్కడ ఏటా జులై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు సఫారీ బంద్ ఉంటుంది. ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు జీపులు వెళ్లేది కూడా ఈ అడవి దారిలోనే కాబట్టి అది కూడా లేనట్టే.

"పులులు జతకట్టే కాలం కదా, అందుకే ఆపుతారు" అని చాలామంది చెబుతుంటారు. నిజానికి పులులు ఏడాదిలో ఎప్పుడైనా జతకడతాయి. అసలు ఇబ్బంది రోడ్లతోనే. అడవి లోపలివన్నీ మట్టి బాటలు. తడి నేల మీద జీపులు తిరిగితే గాళ్లు పడతాయి, బండి దిగబడితే బయటకు లాగడం కష్టం. పైగా కొత్త గడ్డి మొలిచేది, జింకలు, దుప్పులు కడుపునిండా మేసేది ఇప్పుడే. ఈ మూడు నెలలు అడవికి ఊపిరి తీసుకునే సమయం అన్నమాట.

మరి ఏం చూడొచ్చు?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబర్ జాతీయ రహదారి అడవి మధ్యలో నుంచే పోతుంది. ఈ రోడ్డు పగటిపూట తెరిచే ఉంటుంది. దారిలో ఆగదగ్గ చోట్లు చాలానే ఉన్నాయి.

డిండి: నల్గొండ జిల్లా అంచున, నిజాం కాలంలో కట్టిన జలాశయం. మంచి వానలు పడితే అలుగు పోస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే చాలు, నీళ్లలోకి దిగొద్దు.

ఉమామహేశ్వరం: అచ్చంపేట దగ్గర రంగాపూర్ కొండ మీద ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. కొండచరియ గొడుగులా ముందుకు వంగి ఉంటుంది, దాని కిందే గుడి. వాన పడుతున్నా చాలామటుకు తడవకుండా నిలబడొచ్చు. బండి చాలా దూరం పైకి వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు.

మన్ననూరు: ఇక్కడ అటవీ శాఖ పర్యావరణ విద్యా కేంద్రం ఉంది. నల్లమలలో ఏ జంతువులున్నాయో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. చెంచుల కోసం పనిచేసే ఐటీడీఏ ఆఫీసు ఉన్నది కూడా ఈ ఊళ్లోనే.

ఆక్టోపస్ వ్యూ పాయింట్: వటవర్లపల్లి దాటాక, దోమలపెంటకు ముందు వస్తుంది. కృష్ణా నది కొండల మధ్య పాయలు పాయలుగా చీలి ఆక్టోపస్‌లా కనిపిస్తుంది. మబ్బు విడిచిన పది నిమిషాలు దొరికితే ఆ రోజు పండగే.

శ్రీశైలం డ్యామ్: నీటిమట్టం 885 అడుగుల పూర్తిస్థాయికి దగ్గరైతే గేట్లు ఎత్తుతారు. మొత్తం 12 గేట్లు. అయితే గేట్లు ఎత్తిన వీకెండ్‌లో ఘాట్ రోడ్డు మీద గంటల కొద్దీ ట్రాఫిక్ జామ్ తప్పదు. వీలైతే మామూలు రోజుల్లో వెళ్లండి.

పైసా ఖర్చు లేని సఫారీ

పులి కనిపించకపోతేనేం? తొలకరి పడ్డాక నేల మీద ఎర్రటి మఖ్మల్ గుడ్డలా ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. సిటీ పిల్లల్లో వీటిని చూసినవాళ్లు తక్కువే. ఊళ్ల దగ్గర బండి ఆపి చూపించండి, పట్టుకుని సీసాలో మాత్రం వేయనీయొద్దు. దారిలో కాల్చిన మక్క కంకులు, సంతల్లో బోడకాకరకాయలు దొరుకుతాయి. సెప్టెంబర్ నాటికి పాలమూరు సీతాఫలాలు వస్తాయి. దేశమంతటా పేరున్న బాలానగర్ రకం సీతాఫలం ఈ జిల్లాదే. చెంచులు సేకరించే తేనె జీసీసీ పేరుతో అమ్ముతారు. సఫారీ లేని నెలల్లో ఊళ్లలో మీరు ఖర్చుపెట్టే వంద రూపాయలకు విలువ ఎక్కువ.

మల్లెల తీర్థం వెళ్తున్నారా? జాగ్రత్త!

వటవర్లపల్లి దగ్గర హైవే దిగి అడవి దారిలో వెళ్తే మల్లెల తీర్థం వస్తుంది. సుమారు 350 మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. వాన నీటికి మెట్లు జారుతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. మీరున్న చోట ఎండ కాస్తున్నా, పైన కొండల్లో వాన పడితే ధార ఒక్కసారిగా పెరుగుతుంది. నీళ్లు ఎర్రబడ్డా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, శబ్దం మారినా వెంటనే పిల్లలను తీసుకుని పైకి వచ్చేయాలి. సెల్ఫీ కోసం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఆ రోజు దారి తెరిచారో లేదో మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గరే అడిగి కదలండి.

రాత్రి 9 దాటితే గేటు పడుతుంది

చాలామంది మర్చిపోయేది ఇదే. వన్యప్రాణులు రోడ్డు దాటే సమయం కావడంతో మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు. అడవిలో ఈ దూరం సుమారు 60 కిలోమీటర్లు. మలుపులు, వాన, స్పీడ్ లిమిట్ అన్నీ కలిపి గంటన్నర వేసుకోండి. శ్రీశైలం నుంచి తిరిగొచ్చేవాళ్లు సాయంత్రం 5కే బయల్దేరితే నిశ్చింత. లేదంటే చిన్నపిల్లలతో రాత్రంతా కారులోనే గడపాల్సి రావొచ్చు.

అడవిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పెట్రోల్, పిల్లల మందులు, తిండి ముందే చూసుకోండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఇక్కడ నిషేధం, స్టీల్ బాటిళ్లు తెచ్చుకోండి. కోతులకు చిప్స్ వేయొద్దు. తిండి కోసం రోడ్డు మీదకు వచ్చి బండ్ల కింద పడేవి అవే.

వాన దంచికొడితే?

అప్పుడు కొండ వైపు వెళ్లకపోవడమే మంచిది. మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉంది. సుమారు 700 ఏళ్ల నాటి ఈ మర్రిచెట్టు మూడెకరాలకు పైగా పరుచుకుంది. చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించి కాపాడారు. పక్కనే మ్యూజియం, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తరలించి మళ్లీ కట్టిన గుడి ఉన్నాయి. నల్గొండ వాళ్లకు నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం ఉంది.

అక్టోబర్‌లో జీపులు మళ్లీ తిరుగుతాయి, పులి కోసం అప్పుడు రావొచ్చు. కానీ కొండంతా పచ్చగా, వాగులన్నీ పారుతూ కనిపించేది మాత్రం ఇప్పుడే. పొద్దున్నే బయల్దేరండి, చీకటి పడకముందే అడవి దాటేయండి.