ఆ ఇరవై మార్కులకు పూచీ ఎవరిది?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా ప్రైవేటు బడుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. మొన్నమొన్నటి దాకా వాటి మీద ‘10/10’ అని ఉండేది. 2025 నుంచి ఆ స్థానంలోకి 600కు ఎన్ని వచ్చాయన్న లెక్క వచ్చింది. ఈ మార్పు ఎందుకో తెలియాలంటే ముందు మార్కులు ఎలా పడతాయో చూడాలి.

తెలంగాణలో పదో తరగతికి ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 100 మార్కులు. అందులో 80 పబ్లిక్ పరీక్షవి. మిగతా 20 ఇంటర్నల్స్, అంటే బడిలోనే వేసేవి. ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు (పాఠాలు సాగుతుండగానే చేసే మదింపు, వాడుకలో ఎఫ్ఏ) జరుగుతాయి. నోటుపుస్తకంలో రాత, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు వంటి వాటికి మార్కులు వేస్తారు. నాలుగింటి సగటు మెమోకు ఎక్కుతుంది. ఉద్దేశం మంచిదే. పరీక్ష హాల్లో తడబడే పిల్లవాడు క్లాసులో చక్కగా వివరించగలగవచ్చు. అది రోజూ చూసే టీచరుకే తెలుస్తుంది.

చిక్కంతా తనిఖీలో ఉంది. 80 మార్కుల పేపరు స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తుంది. అది ఏ బడి పిల్లలదో దిద్దేవారికి తెలియదు. దిద్దాక కూడికలు మరొకరు చూస్తారు. అనుమానముంటే ఫీజు కట్టి రీకౌంటింగ్ అడగొచ్చు. ఇరవై మార్కుల దారి వేరు. వేసేది సొంత బడి టీచరే, ఎక్కువ వేస్తే పేరొచ్చేదీ ఆ బడికే. పరీక్షలకు ముందు వేరే బడుల ఉపాధ్యాయుల బృందం వచ్చి రికార్డులు చూస్తుంది. ప్రాజెక్టు కాగితాలు ఉన్నాయో లేదో వాళ్లు చెప్పగలరు. పిల్లవాడు సొంతంగా చేశాడా, గైడు చూసి ఎక్కించాడా అన్నది తేల్చడం కష్టం.

దీని ఫలితం ఒక లెక్కలో చూద్దాం. ఒక అమ్మాయికి పబ్లిక్ పరీక్షలో 62 వచ్చాయి. ఇంటర్నల్స్‌లో 14 పడితే మొత్తం 76, గ్రేడు బీ1. ఇరవైకి ఇరవై పడితే 82, గ్రేడు ఏ2. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లు జీపీఏ (సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు) చూసి ఇస్తూ వచ్చారు. కాబట్టి నిక్కచ్చిగా మార్కులు వేసిన బడి పిల్లలే నష్టపోయే వీలుంది.

కొవిడ్ కాలంలో ఇది బాగా బయటపడింది. 2021లో పబ్లిక్ పరీక్షలు రద్దు చేసి ఎఫ్ఏ మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చారు. సుమారు 5.21 లక్షల మందీ పాసయ్యారు. వారిలో రెండు లక్షలకు పైగా పిల్లలకు 10 జీపీఏ వచ్చింది. పరీక్ష జరిగిన 2024లో ఆ సంఖ్య తొమ్మిది వేలు కూడా దాటలేదు. అందరికీ నిండుగా వేసిన మార్కు ఎవరి చదువు గురించీ ఏమీ చెప్పదు.

2024 నవంబరు 28న ప్రభుత్వం ఇంటర్నల్స్‌నూ గ్రేడింగ్‌నూ ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. విద్యా సంవత్సరం సగం గడిచాక ఇదేమిటన్న అభ్యంతరాలు రావడంతో, మర్నాడే ఆ ఏడాదికి 80-20 పద్ధతి ఉంటుందని సవరించింది. 2025 ఆగస్టులో దాన్ని మరో ఏడాది పొడిగించింది. మధ్యలో ఒక చిన్న మార్పు మాత్రం నిలిచింది. 2025 మెమోలో జీపీఏ పోయి, రాత పరీక్ష మార్కులు, ఇంటర్నల్ మార్కులు, మొత్తం, గ్రేడు సబ్జెక్టువారీగా విడివిడిగా వచ్చాయి. ఇన్నాళ్లూ గ్రేడు చాటున ఉండిపోయిన ఇరవై ఇప్పుడు ఎనభై పక్కనే కనిపిస్తోంది.

దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఒక పిల్లవాడికి 80కి 45, ఇరవైకి 19 వస్తే అది మోసానికి రుజువు కాదు. రెండూ కొలిచేవి వేర్వేరు. అదే క్లాసులో అందరికీ ఇరవై పడితే మాత్రం ఆ బడి మదింపు చేయలేదనే అనుమానించాలి. ఆ సంగతి మెమో వచ్చాక అడిగి లాభం లేదు. మొదటి ఎఫ్ఏ కాగానే పేరెంట్స్ మీటింగులో దిద్దిన కాగితాలు చూపించమనాలి. ఏ పనికి ఎన్ని వేశారో, ఎక్కడ ఎందుకు తగ్గించారో అడగాలి. నిజంగా దిద్దిన టీచరుకు ఆ ప్రశ్న బరువు కాదు.