ఫిర్యాదుకు పరిధి అడ్డు కాదు: ఎఫ్‌ఐఆర్ నుంచి తీర్పు వరకు పౌరుని చేతికి రావలసిన కాగితాలు

విజయవాడ: దసరా నవరాత్రులలోనూ, భవానీ దీక్షల విరమణ రోజులలోనూ కృష్ణా డెల్టా పల్లెల నుంచి రైలు దిగే భక్తులలో ఎక్కువమంది స్టేషన్ పడమటి ద్వారం గుండా తారాపేట చేరి, వన్ టౌన్ వీధుల మీదుగా ఇంద్రకీలాద్రి వైపు సాగుతారు. ఆ కొద్దిపాటి దూరంలో ఒక ఇల్లాలి చేతిసంచి పోయిందనుకుందాం. అందులో కొంత నగదు, ఒక సెల్‌ఫోను, ఒక బంగారు గొలుసు ఉన్నాయి. సంచి బోగీలోనే పోయిందో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరి రద్దీలో పోయిందో, దుర్గా ఘాట్‌లో స్నానం చేస్తుండగా పోయిందో ఆమెకే తెలియదు. రైలులో, స్టేషన్ ఆవరణలో జరిగిన నేరం రైల్వే పోలీసులకు చెందుతుంది. వెలుపల జరిగినది స్థానిక పోలీసులకు చెందుతుంది. “ఇది మా పరిధి కాదు” అన్న ఒక్క మాటతో ఆమె రెండు స్టేషన్ల మధ్య తిరిగి తిరిగి, చివరకు ఫిర్యాదు చేయకుండానే ఊరికి రైలెక్కే రోజులు ఒకప్పుడు ఉండేవి.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ మాటకు చోటు లేకుండా చేసింది. 1973 నాటి నేరవిచారణ ప్రక్రియా స్మృతి స్థానంలో వచ్చిన ఈ చట్టం 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినదన్న దానితో నిమిత్తం లేకుండా కాగ్నిజబుల్ నేర సమాచారాన్ని ఏ పోలీసు స్టేషన్‌లోనైనా స్వీకరించి నమోదు చేయాలి. వ్యవహారంలో దీనినే ‘జీరో ఎఫ్‌ఐఆర్’ అంటున్నారు. ఆ పేరు చట్టంలో ఎక్కడా లేదు. వరుస సంఖ్య ఇవ్వకుండా సున్నా సంఖ్యతో నమోదు చేసి, పరిధి గల స్టేషన్‌కు బదిలీ చేస్తారు కనుక ఆ పేరు నిలిచింది. బదిలీ అయిన స్టేషన్‌లో దానికి అసలు నంబరు పడుతుంది.

ఈ నిబంధన ఊరికే రాలేదు. 2019 నవంబరులో హైదరాబాద్ శివారు శంషాబాద్ వద్ద ఒక యువ పశువైద్యురాలి హత్య జరిగిన రాత్రి, ఆమె కుటుంబ సభ్యులు ఫిర్యాదుకు వెళ్లగా పరిధి పేరిట జాప్యం చేశారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు. అప్పటికే కేంద్ర హోం శాఖ సూచనల రూపంలో జీరో ఎఫ్‌ఐఆర్ విధానం అమలులో ఉన్నది. సూచన వేరు, చట్టంలోని సెక్షన్ వేరు. ఆ తేడాను 2024లో పూరించారు.

ఫిర్యాదు రాయడం రానివారు నోటితో చెప్పవచ్చును. అధికారి దానిని రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా కూడా సమాచారం పంపవచ్చును, అయితే మూడు రోజులలో స్టేషన్‌కు వెళ్లి సంతకం చేయవలసి ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యమైనది ఎఫ్‌ఐఆర్ నకలు. దానిని ఫిర్యాదుదారుకు లేదా బాధితునికి వెంటనే, ఉచితంగా ఇచ్చి తీరాలి. స్టేషన్ నుంచి ఆ కాగితం లేకుండా బయటకు వచ్చిన వ్యక్తి తన కేసు నమోదైనదని నమ్మడానికి ఆధారమేమీ ఉండదు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం ఎఫ్‌ఐఆర్ కాదని గ్రహించాలి.

స్టేషన్ అధికారి నమోదుకు నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని పోస్టు ద్వారా ఎస్పీకి పంపవచ్చును. అక్కడా ఫలితం లేనప్పుడు ప్రమాణపత్రం జతచేసి మెజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చును. కాగ్నిజబుల్ నేరం వెల్లడైతే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో 2013లోనే తీర్పు చెప్పింది. కొత్త చట్టంలో ఒక వెసులుబాటు ఉన్నది. మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్లలోపు శిక్ష పడదగిన నేరాలలో డీఎస్పీ అనుమతితో 14 రోజులలో ప్రాథమిక విచారణ జరపవచ్చును. ఈ పద్నాలుగు రోజుల గడువు ముగిసిన తరువాత కూడా “విచారణ జరుగుతోంది” అన్న సమాధానం వస్తే అది చట్టం ఇచ్చిన సమాధానం కాదు.

సంచి ఎక్కడ పోయిందన్నది పరిధికి అడ్డు కాకపోయినా, నేర తీవ్రతను మాత్రం మార్చివేస్తుంది. భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ప్రయాణికుల వాహనం నుంచి వస్తువు దొంగిలిస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నది. బజారులో జరిగిన సాధారణ దొంగతనానికి 303వ సెక్షన్ కింద గరిష్ఠంగా మూడేళ్లు. పోయిన సొత్తు విలువ అయిదు వేల రూపాయల లోపు అయితే ఆ దొంగతనం నాన్ కాగ్నిజబుల్. అంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు. మొదటిసారి శిక్షపడినవారు సొత్తు తిరిగి ఇస్తే సమాజ సేవ శిక్షతో సరిపెడతారు. మెడలోని గొలుసును గుంజుకొని పారిపోవడం మరొక నేరం. పాత శిక్షాస్మృతిలో దానికి విడిగా పేరు లేదు, ఇప్పుడు 304వ సెక్షన్‌లో చేరింది. అందుచేత ఫిర్యాదుదారు తెలియని చోటును ఊహించి చెప్పనక్కరలేదు. చివరిసారి సంచిని ఎక్కడ చూసుకున్నదీ, గొలుసు తూకమెంత, పనితనమేమిటి, ఫోను ఐఎంఈఐ సంఖ్య ఏది అన్నవి చెబితే చాలు. సొత్తు దొరికి కోర్టుకు చేరినప్పుడు ఆ వర్ణనే అక్కరకు వస్తుంది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజులలో దాని వివరాలు రాసి ఫొటో తీయించాలని, ఆపై 30 రోజులలో అప్పగింత తదితర ఉత్తర్వులు ఇవ్వాలని 497వ సెక్షన్ చెబుతోంది. కేసు ముగిసేవరకు బంగారం కోర్టులోనే ఉంటుందన్న భయం డెల్టా పల్లెలలో ఇంకా పోలేదు.

దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 రోజులలోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితునికి తెలియజేయాలి. పదిహేనేళ్లలోపు పిల్లలను, అరవై ఏళ్లు పైబడినవారిని, స్త్రీలను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయరాదు. పోలీసులే వారి ఇంటికి వెళ్లాలి. పోలీసులు నమోదు చేసుకొనే సాక్షి వాంగ్మూలంపై సంతకం చేయవలసిన పని లేదు, చేయించరాదు కూడా.

అనుమానితుని పక్షం

సంచి దొంగగా ఒకరిని పట్టుకున్నారనుకుందాం. అతడు అప్పటికి నిందితుడు మాత్రమే. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలలో అరెస్టు ఆనవాయితీ కాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అవసరం లేనిచోట 35వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే చాలును. అరెస్టు చేస్తే మెమో రాసి, కుటుంబ సభ్యుని లేదా ఆ ప్రాంతపు పెద్దమనిషి సాక్షి సంతకం తీసుకోవాలి. బంధువుకు కబురు చేయాలి. ప్రశ్నించే సమయంలో, ఆద్యంతం కాకపోయినా, న్యాయవాదిని కలుసుకొనే హక్కు ఉన్నది. అరెస్టుకు కారణాలను నిందితునికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు ఇచ్చింది. ప్రయాణ సమయం మినహా 24 గంటలలో మెజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచాలి. స్త్రీలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అసాధారణ పరిస్థితులలో తప్ప అరెస్టు చేయరాదు.

ఇక్కడి నుంచి రోజుల లెక్క మొదలవుతుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా ఆపైన శిక్ష పడదగిన నేరాలలో 90 రోజులు, మిగిలిన వాటిలో 60 రోజులు. ఆ గడువులోగా అభియోగ పత్రం దాఖలు కాకపోతే నిందితునికి బెయిల్ హక్కుగా లభిస్తుంది. అయితే ఆ బెయిల్ దానంతట అది ఇంటికి రాదు. అడగాలి, జామీను సమర్పించాలి. గడువు దాటిన తరువాత అడిగే లోపలే అభియోగ పత్రం దాఖలైతే ఆ హక్కు చేజారిపోతుంది. న్యాయవాది లేని పేదవాడు నష్టపోయేది సరిగ్గా ఇక్కడే. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, ఇతరులు సగం కాలం విచారణ ఖైదీలుగా గడిపితే విడుదలకు 479వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. మరణశిక్ష, యావజ్జీవం పడదగిన నేరాలకు ఇది వర్తించదు. మొదటిసారి నిందితుల విషయంలో ఈ సెక్షన్ పాత కేసులకు కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది.

కోర్టు మెట్లు

విజయవాడలో బహుళ అంతస్తుల నూతన కోర్టు భవన సముదాయాన్ని 2022 ఆగస్టు 20న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు. సాక్షిగా సమన్లు అందుకొని మొదటిసారి ఆ మెట్లు ఎక్కే వ్యక్తికి లోపల జరిగేది అయోమయంగా తోచడం సహజం. మెజిస్ట్రేట్ అభియోగ పత్రం స్వీకరిస్తారు. నిందితునికి 14 రోజులలో దాని నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. హత్య వంటి నేరాలను సెషన్స్ కోర్టుకు పంపుతారు. అభియోగాలు చదివి, నేరం అంగీకరిస్తున్నారా అని అడుగుతారు. కాదంటే సాక్షుల విచారణ, ప్రతిపరీక్ష, నిందితుని వివరణ, వాదనలు, తీర్పు. వాదనలు ముగిసిన 30 రోజులలో, కారణాలుంటే 45 రోజులలో సెషన్స్ తీర్పు రావాలి. దూరం నుంచి వచ్చిన సాక్షికి సముచితమైన ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నది, కానీ ఆ సంగతి అడిగేవారు అరుదు.

కింది కోర్టు తీర్పుతో కేసు ముగిసిపోదనడానికి ఈ నగరపు పొరుగునే నిదర్శనం ఉన్నది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో అరెస్టయిన యువకునికి విజయవాడలోని మహిళా సెషన్స్ కోర్టు 2010లో యావజ్జీవ శిక్ష విధించింది. ఉమ్మడి హైకోర్టు 2017 మార్చి 31న ఆ శిక్షను రద్దుచేసి, అతనిని నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతడు జైలులో ఎనిమిదేళ్లకు పైగా గడిపాడు. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడవలసి వచ్చింది.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

రిమాండ్ శిక్ష కాదు, బెయిల్ విముక్తి కాదు. అరెస్టయిన వ్యక్తిని ‘దొంగ’, ‘హంతకుడు’ అని రాయడం తీర్పుకు ముందే తీర్పు చెప్పడం. లైంగిక నేరాల బాధితుల పేరు, గుర్తింపు వెల్లడించడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు 1860 నాటి భారత శిక్షాస్మృతి సెక్షన్లే వర్తిస్తాయి. అందువల్ల పాత కేసు వార్తలో కొత్త సెక్షన్ సంఖ్య వేయడం పొరపాటు. కొన్ని సంవత్సరాల పాటు కోర్టులలో రెండు చట్టాల సంఖ్యలూ వినిపిస్తాయి.

స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయవాదిని పొందవచ్చును. ఇందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. అత్యవసర పోలీసు సహాయానికి నంబరు 112.