మంచుబొమ్మల కాపలా

పొలంలో నిలబెట్టే దిష్టిబొమ్మకు కండబలం ఏపాటిదో అందరికీ తెలిసినదే. రెండు కర్రలు, గుప్పెడు ఎండుగడ్డి, ఒక పాత చొక్కా, తలకు బదులు సున్నపుబొట్లు పెట్టిన కుండ. గాలి గట్టిగా వీచినదా, పడిపోతుంది. అయినప్పటికీ కోతలు ముగిసేవరకు చేనికి అదే కావలి. బలం లేనిదానిచేత కూడ కాపలా కాయించుకొనవచ్చునన్న ఈ పాతవిద్యను నేడు మన పిల్లలు, బెంగళూరులోనైనా బరంపురంలోనైనా, ఒక ఆటలో అభ్యసిస్తున్నారు. అది చదువరులకు తెలియజేయదగిన సంగతి అని మాకు తోచినది.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ దీనిని 2009 మే నెలలో తొలిసారి బయటపెట్టాడు. 2011 నవంబరు 18న ఇది పూర్తిరూపంతో వెలువడినది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్లు దీనిని తయారుచేసేవారు ప్రకటించారు. ఆడేవారిని ఒకే దారిన నడిపించే కథ ఇందులో లేదు. లోకమంతా చతురస్రపు దిమ్మెలమయం. మట్టిదిమ్మె, రాతిదిమ్మె, చెక్కదిమ్మె, ఏదైనా తవ్వవచ్చును, ఎక్కడైనా పేర్చవచ్చును. ఇసుకలో కూర్చున్న పసివాడు పిచ్చుకగూడు కట్టినంత స్వేచ్ఛ అన్నమాట.

ఆ లోకంలో అక్కడక్కడ ఊళ్ళున్నవి. ఊళ్ళలో పెద్దముక్కుల గ్రామస్థులుంటారు. వారిలో రైతులు, గొర్రెలకాపరులు, కమ్మరులు, పుస్తకాలవారు ఉన్నారు. ఆడేవాడు వారితో బేరసారాలు చేసికొంటాడు. అక్కడ చెల్లే నాణెం పచ్చరాయి. ఇంతటి పనిమంతులకు కత్తిపట్టడం మాత్రం రాదు. ఆపద వస్తే ఇళ్ళలోకి పరుగెత్తడమే వారికి తెలిసిన యుద్ధం.

ఆపద రాత్రిపూట వస్తుంది. ఆటలో ఒక పగలు, ఒక రాత్రి కలిపి మన గడియారంలో 20 నిమిషాలే గనుక చీకటి తరచుగానే పడుతుంది. చీకట్లో నడిచే శవాలు పుట్టుకొని వస్తాయి. పిల్లలు వాటిని జాంబీలంటారు. అవి గ్రామస్థులను వెతికి వెతికి చంపుతాయి. మధ్యస్థాయిలో ఆడుతుంటే అలా చనిపోయినవారిలో సగం మందికి, కఠినస్థాయిలో అయితే అందరికీ, తిరిగి లేచి జాంబీలైపోయే గతి పడుతుంది. నిన్న మనకు రొట్టె అమ్మిన రైతే నేడు పొరుగువాని తలుపు బాదుతాడు. ఊళ్ళో ఒక్కరూ మిగలకపోతే ఆ ఊరు తనంత తానుగా మళ్ళీ నిండదు. పదిరోజులు శ్రమపడి దిద్దిన ఊరు ఒక్క రాత్రి ఏమరుపాటుతో పాడుపడిపోయినప్పుడు పిల్లవాని ముఖం చూచినవారు, ఇది వట్టి ఆటే గదా అని నవ్వలేరు.

ఇటువంటి ఊరికి కాపలా ఎవరు? ఆట మనచేతికి ఇచ్చే కావలివారిలో అందరికన్న చౌకైనది, అందరికన్న బలహీనమైనది మంచుబొమ్మ. నాలుగు మంచు ఉండలు కలిపితే ఒక మంచుదిమ్మె అవుతుంది. అటువంటి దిమ్మెలు రెండు ఒకదానిమీద ఒకటి నిలిపి, కడపట కత్తెరతో కన్నూ నోరూ చెక్కిన గుమ్మడికాయను తలగా పెట్టాలి. అంతటితో బొమ్మకు ప్రాణం వస్తుంది. ఎనిమిది మంచు ఉండలు, ఒక గుమ్మడికాయ, అదే మొత్తం ఖర్చు. ఇంటికి దృష్టి తగలకుండా వాకిట గుమ్మడికాయను వ్రేలాడగట్టే మనకు ఈ కాపలాదారు తలకాయ కొత్తగా తోచదు.

దాని బలమెంతో చూడండి. ఆడేవాని ప్రాణం 20 పాళ్ళు. జాంబీ ప్రాణమూ 20 పాళ్ళే. మంచుబొమ్మ ప్రాణం 4 పాళ్ళు మాత్రమే. మధ్యస్థాయిలో జాంబీ రెండు దెబ్బలు వేస్తే సరి, బొమ్మ కథ ముగుస్తుంది. దాని ఆయుధం మంచు ఉండ. శత్రువు సుమారు 10 దిమ్మెల దూరంలోకి రాగానే ఉండలు విసరనారంభిస్తుంది. ఆ ఉండ తగిలి జాంబీకి ఈగవాలినంత గాయమైనా కాదు. మంచు ఉండలకు గాయపడే శత్రువులలో బ్లేజ్ అనే అగ్నిభూతం ఒకటున్నది. కాని అది ఉండేది నిప్పులలోకంలో. అక్కడికి వెళితే బొమ్మ తానే కరిగిపోతుంది!

ఇక దీనివల్ల ప్రయోజనమేమి అని అడగవచ్చును. ఉండ తగిలిన ప్రతిసారీ శత్రువు వెనుకకు నెట్టబడుతుంది. ముందుకు రెండడుగులు, వెనుకకు ఒకటి. పైగా దెబ్బతిన్న జాంబీకి కోపం వచ్చి, గ్రామస్థుని విడిచి, బొమ్మవైపు తిరుగుతుంది. ఆ సందులో గ్రామస్థుడు ఇల్లు చేరుకొంటాడు. మూడు నాలుగు బొమ్మలు కలిసి ఒక దారికి కాపలా కాస్తే, ఆ దారిన వచ్చేవాటికి ముందుకు సాగడమే గగనమవుతుంది. అలా తెల్లవారేవరకు ఆపగలిగితే చాలును. సూర్యుడు ఉదయించగానే ఆరుబయట ఉన్న జాంబీలు ఎండకు అంటుకొని మాడిపోతాయి. చంపే పని సూర్యునిది. అంతవరకు నిలిపి ఉంచే పని మంచుబొమ్మది. ఈ పనివిభజన గ్రహించినవానికే దానితో కాపలా కాయించడం వస్తుంది.

అయితే బొమ్మను చేసి ఊరి నడుమ వదిలిపెట్టితే అది నిలువదు. శత్రువు కనబడితే దానివెంట పోయి ఎక్కడో చస్తుంది. దానికి తగిన చోటు చూపాలి. ఊరి పొలిమేరలో, దారికి పక్కగా, జాంబీ చేతికందని మూడు నాలుగు దిమ్మెల ఎత్తున చిన్న మంచె కట్టి, చుట్టూ కంచె వేసి, అందులో నిలపాలి. కంచెమీదుగా అది ఉండలు విసరగలదు, కాని దిగిపోలేదు. మంచె ముందు ఒక అగడ్త తవ్వితే మరీ మంచిది. గట్టు మీదికి వచ్చినవి వెనుకకు తూలి అందులో పడతాయి.

సీమను బట్టి కూడ ఆలోచన మారాలి. ఈ ఊళ్ళు ఐదు రకాల సీమలలో కనబడతాయి. మంచుసీమలో బొమ్మకు ఏ భయమూ లేదు, పుట్టినింట ఉన్నట్లే. పచ్చికమైదానంలోను, చలిప్రాంతపు అడవిలోను ఎండకు ఓర్చుకొంటుంది గాని వానచినుకు పడితే కరుగుతుంది. కనుక మంచెకు తప్పక కప్పు వేయాలి. ఎడారిలోను, ఎండుగడ్డి బయళ్ళలోను అది నిలువనే నిలువదు, వేడికే కరిగిపోతుంది. ఎడారి జాంబీలలో పెక్కు ఎండకు మాడని జాతివి కూడాను. అక్కడ మంచుబొమ్మను నిలపడమంటే దానిని చంపడానికి చేయడమే.

ఈ దుర్బలప్రాణికి ఇంకొక గుణమున్నది. చలిసీమలలో అది నడిచిన మేరకు నేలమీద పలుచని మంచుపొర పరచుకొంటూ పోతుంది. పారతో ఆ పొరను ఎత్తితే ఉండలు దొరుకుతాయి. అది మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ మంచు పడుతుంది. ఒక బొమ్మను జాగ్రత్తగా కాపాడుకొంటే దాని అడుగుజాడలతోనే పది బొమ్మలకు సరిపడే మంచు సమకూడుతుంది. బలం లేకపోయినా బరకత్తు ఉన్నదన్నమాట.

మంచుబొమ్మకు అన్నగారివంటిది ఇనుపబొమ్మ. 2012లో అది ఈ ఆటలోకి వచ్చినది. నాలుగు ఇనుపదిమ్మెలు, అంటే 36 ఇనుపకడ్డీలు, పైన అదే గుమ్మడికాయ తల. ప్రాణం 100 పాళ్ళు. ఒకటి రెండు దెబ్బలలో జాంబీని గాలిలోకి ఎగురవేస్తుంది. గాయపడితే ఇనుపకడ్డీతో దానిని బాగుచేయవచ్చును. అంతటి భీమకాయం ఊరిపిల్లలకు ఎర్రపూవు అందిస్తూ నిలబడడం చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆట మొదలుపెట్టిన తొలిరాత్రులలో 36 కడ్డీల ఇనుము ఎవరిచేతిలో ఉంటుంది? మంచు దగ్గరలో ఉంటే, లేనివాని తొలి కాపలా మంచుబొమ్మే.

2019లో దోపిడీదండ్లు కూడ వచ్చిచేరినవి. అవి సులభస్థాయిలో 3, మధ్యస్థాయిలో 5, కఠినస్థాయిలో 7 విడతలుగా ఊరిమీద పడతాయి. ఆ దొంగలకు ఎండ అంటే లెక్కలేదు, విల్లంబులతో దూరంనుంచే కొడతారు. అప్పుడు మంచుబొమ్మలను మాత్రమే నమ్ముకొన్న ఊరు దక్కదు. వీధులలో దివిటీలు, జనాన్ని ఇళ్ళలోకి తరిమే ఊరిగంట, వెనుక ఇనుపబొమ్మ, అన్నిటికన్న ముఖ్యంగా కత్తిపట్టి తానే నిలబడిన యజమాని ఉండాలి. మంచుబొమ్మలు అప్పుడు చేసేది వీరికి నాలుగు క్షణాల వ్యవధి సంపాదించిపెట్టడమే. ఆపదలో నాలుగు క్షణాలంటే తక్కువేమీ కాదు.

ఈ బొమ్మలను ఆటలో గోలెమ్ అంటారు. అది హీబ్రూమాట, ఇంకా రూపు తీరని ముద్ద అని దాని అర్థం. ప్రాగ్ నగరంలో తమవారిని శత్రువులనుండి కాపాడటానికి యూదా లోవ్ అనే యూదుగురువు మట్టితో మనిషిని చేసి ప్రాణం పోశాడని కథ. ఆ గురువు నిజంగా జీవించినవాడే, 1609లో మరణించాడు. మన పార్వతీదేవి కూడ నలుగుపిండితో బాలుని చేసి వాకిట కావలి నిలిపినదే గదా! ఆ పసివాడు తల్లిమాట దాటక, సాక్షాత్తు శివునికే అడ్డునిలిచి తల పోగొట్టుకొన్నాడు. కాపలా పెట్టిన తల్లి ఊరకున్నదా? బిడ్డను బ్రతికించేదాకా శాంతించలేదు.

అందులోనే మేము చెప్పదలచినదంతా ఉన్నది. బలహీనుణ్ణి కాపలాకు నిలపడం తప్పు కాదు, వానికి మించిన పని అప్పగించి మరచిపోవడం తప్పు. చోటు చూపి, కంచె వేసి, వానపడకుండా కప్పు వేసి, వెనుక మనముంటే మంచుబొమ్మ కూడ ఒక ఊరిని తెల్లవారేదాకా నిలపగలదు. మన ఇళ్ళలో చిన్నవారికి, వయసు మళ్ళినవారికి పనులు అప్పగించేటప్పుడు కూడ ఈ లెక్క పనికివస్తుంది.

కనుక పెద్దలకు మా మనవి ఒకటే. పిల్లలు ఈ ఆట ముందు కూర్చున్నప్పుడు, ఎంతసేపు ఆడతావని కేకవేసే ముందు ఒక్క నిమిషం పక్కన కూర్చుండి, "మీ ఊరికి కాపలా ఎవరురా? ఆ బొమ్మకు పందిరి వేశావా?" అని అడగండి. చీకటి పడకముందే అడగడం మంచిది.