కోఠీ సింహద్వారం - గానుగ సున్నం

కోఠీలో బస్సు దిగి రెసిడెన్సీ ఎక్కడంటే చాలామంది తెల్లమొహం వేస్తారు గాని, ‘విమెన్స్ కాలేజీ’ అంటే చిన్నపిల్లవాడైనా దారి చూపిస్తాడు. 1798 నుంచి 1805 దాకా హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన సౌధమది. నక్షా గీసినవాడు శామ్యూల్ రసెల్ అనే సైనిక ఇంజనీరు. పని 1803లో మొదలైంది. ఖర్చు మాత్రం నిజాముది!

యూరపు రాజసౌధాల ద్వారాలనగానే మనకు బరోక్ శైలి గుర్తుకొస్తుంది. వంపులు, కిరీటాలు, ఎక్కడ చూసినా బొమ్మలే. డ్రెస్డెన్‌లోని జ్వింగర్ సౌధం అటువంటిదే. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో అది కూలిపోతే, జర్మన్లు పాత రూపంలోనే తిరిగి నిలబెట్టుకున్నారు. కోఠీ సౌధం ఆ తరహా కాదు, పల్లాడియన్, ఆర్భాటం తక్కువ. అయినా సింహద్వారమన్న మాట దీనికి అక్షరాలా చెల్లుతుంది. మెట్లకు ఇరుపక్కలా సింహాలు, పైన ఆరు కొరింథియన్ స్తంభాలు.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దండెత్తింది ఈ రెసిడెన్సీ మీదనే. అటువంటి దొరతనపు గుర్తును బాగు చేయడం దేనికని ఒక మిత్రుడు నన్నడిగాడు. 1949 నుంచి ఆ మెట్లెక్కి చదువుకొన్నది ఆడపిల్లలు గదా! నేడు ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు. పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఆ తల్లి పేరు ఆ గుమ్మానికి చేరడం కంటే పెద్ద జవాబేముంటుంది?

2002లో ప్రపంచ స్మారకాల నిధి సంస్థ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాతి మరమ్మతుకు ఏళ్ళూ పూళ్ళూ పట్టాయి. ఎందుకంత ఆలస్యమంటే, పైసల సంగతి అటుంచి, సున్నానికి తొందర పనికిరాదు.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్ళు పోసి చల్లార్చి, నానబెట్టి, ఇసుకతో గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు కలుపుతారు. గోడకు పూశాక అది పోయిన వాయువునే గాలిలోంచి మెల్లగా తిరిగి పీల్చుకొని మళ్ళీ రాయవుతుంది. పలుచగా ఒక్కొక్క పూతే వేయాలి.

సిమెంటూ సున్నపురాయి బిడ్డే. మన నల్లగొండ జిల్లా వాడపల్లి ఫ్యాక్టరీల్లో బంకమన్ను కలిపి 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. గట్టిదే, కాని పాత ఇటుకకు శత్రువు. పాత గోడ నేలలోని తేమను పీల్చి, సున్నపు పూత గుండా బయటకు వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపలి తేమతోపాటు ఉప్పు పేరుకొని ఇటుక పొడిపొడి అవుతుంది. చివరకు సిమెంటు పెచ్చు ఊడేటప్పుడు ఇటుకనూ పీక్కొని పోతుంది.

పాలమూరు వాళ్ళకిది పరాయి సంగతేం కాదు. గద్వాల కోటలో కాలేజీ ఉంది. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడిచింది. అక్కడ చదివిన పూర్వ విద్యార్థులు ఇది చదువుతూ ఉండవచ్చు. సివిల్ చదివేవారికి సిమెంటు పాళ్ళు కంఠతా వచ్చు. గానుగ సున్నం ఎంతమందికి తెలుసు?

మా ఊరి గడి దర్వాజాకు లోగడ సిమెంటు పూశారు. నాలుగు వానలకే కమాను ఇటుకలు రాలాయి. ఈ ఎండాకాలం మళ్ళీ సిమెంటే వేస్తామంటున్నారు. నల్లమల కరక్కాయ బస్తా ధరెంతో అచ్చంపేట బజారులో అడిగి వచ్చాను. గానుగ తిప్పడం తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన మా పక్క ఊళ్ళో ఇంకా ఉన్నాడు.