విదేశానికి రీలింగ్ మిషన్ అమ్మితే, బిల్లు ఎవరి చేతిలో ఉండాలి?

మన హోసూరు, కృష్ణగిరి వైపు పురుగు మేపుతూ రీలింగ్ కూడా పెట్టుకున్న ఇళ్లున్నాయి. పాత మల్టీ ఎండ్ మిషన్ తీసేద్దామని ఫోటోలు నెట్‌లో పెడితే, కెన్యా నుంచో ఘానా నుంచో "మాకు కావాలి, రేటెంత?" అని మెసేజ్ రావచ్చు. అది నిజం బేరమే అయుండొచ్చు. ఆ రెండు దేశాలూ అంతర్జాతీయ పట్టు కమిషన్‌లో సభ్యులే. దాని ఆఫీసు 2013 నుంచి బెంగళూరులోనే ఉంది కాబట్టి, కొనేవాళ్ల గురించి ముందు అక్కడ ఆరా తీయొచ్చు.

మోసం ఎలా ఉంటుందో కూడా చెప్తాం. మిషన్ చూడకుండా, రేటు తగ్గించమనకుండా ఒప్పేసుకుంటారు. తర్వాత "మీకు ఎక్కువ పంపాం, మిగిలింది మా షిప్పింగ్ ఏజెంటుకి కట్టండి" అంటారు, లేదా స్విఫ్ట్ కాపీ అని ఒక ఫోటో పంపుతారు. ఆ ఫోటో వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. మీ బ్యాంకు మేనేజరు "జమ అయింది" అని చెప్పాలి. అమ్మేవాడు ఎదురు డబ్బు కట్టే బేరం ఎక్కడా ఉండదు. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

బేరం నిజమే అనుకుందాం. మిషన్ ఓడెక్కాక మన చేతిలో మిగిలేది బిల్ ఆఫ్ లేడింగ్ ఒక్కటే. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. వాటిలో ఒక్కటి చూపించినా అక్కడ సరుకు విడిపించుకోవచ్చు. అందుకే "ఒక కాపీ ముందు కొరియర్ చెయ్యండి" అంటే ఒప్పుకోకండి. మూడూ మీ బ్యాంకు ద్వారానే వాళ్ల బ్యాంకుకి వెళ్లాలి, డబ్బు కట్టాకే కొన్నవాళ్ల చేతికి అందాలి. విమానంలో పంపితే ఇచ్చే ఎయిర్‌వే బిల్లుకి గానీ, సీ వేబిల్లుకి గానీ ఈ పట్టు లేదు. అందులో పేరున్న వాళ్లు ఒరిజినల్ లేకుండానే సరుకు తీసుకుంటారు. ఆ దారిలో పంపాలంటే పూర్తి డబ్బు ముందే తీసుకోండి.

బ్యాంకు దారిలోనూ ఒక చిక్కుంది. కొన్నవాళ్లు మనసు మార్చుకుంటే మిషన్ అక్కడి రేవులో పడి ఉంటుంది, అద్దె పెరుగుతూ పోతుంది. కాబట్టి పోను, రాను ఓడ కిరాయికి సరిపడా అడ్వాన్సు లేకుండా లారీ ఎక్కించకండి. పెద్ద మొత్తమైతే లెటర్ ఆఫ్ క్రెడిట్ అడగండి. అది మీ బ్యాంకుకే రావాలి, మీ వాట్సాప్‌కి కాదు.

మిషన్ సబ్సిడీలో కొన్నదైతే ముందు పట్టు శాఖ ఆఫీసులో షరతులు కనుక్కోండి. దాని మీద లోనుంటే బ్యాంకు ఒప్పుకోవాలి. ఎగుమతికి డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబరు కావాలి. ఆన్‌లైన్లో 500 రూపాయలు, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. జీఎస్టీ సంగతి ఆడిటరుని అడగండి. కస్టమ్స్ పని క్లియరింగ్ ఏజెంటు చూస్తాడు, చెన్నై హార్బరు అయినా వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపో అయినా.

ప్యాకింగ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 20 అడుగుల కంటైనర్ తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు, మిషన్ విప్పే ముందే కొలుచుకోండి. చెక్క పెట్టెకి ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలి ఉండాలి. ముద్ర లేకపోతే అక్కడ సరుకు ఆపేస్తారు. బేసిన్లలో, సందుల్లో గూళ్ల పొట్టు, ప్యూపా ముక్కలు మిగలకూడదు. మేపు గదిని ఎంత శుభ్రంగా కడుగుతామో అంతే కడిగి, ఆరబెట్టి, ఇనుముకి గ్రీజు పూయండి. ఉప్పుగాలికి బేరింగులు తొందరగా తుప్పు పడతాయి. విప్పిన ప్రతి భాగాన్నీ ఫోటో తీయండి, నడుస్తున్నప్పటి వీడియో కూడా. ఇన్సూరెన్సు మామూలుగా సరుకు, కిరాయి, ఇన్సూరెన్సు కలిపిన విలువకి 110 శాతం తీసుకుంటారు. పాత మిషన్‌కి ఏ షరతులు పెడతారో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇదంతా మనవల్ల కాదనిపిస్తే, ఎగుమతి చేసే వ్యాపారికి రూపాయల్లో అమ్మేయొచ్చు. రేటు కొంత తగ్గుతుంది. మిషన్ మీ షెడ్డులోంచి కదిలే ముందే డబ్బు ఖాతాలో పడాలని మాత్రం వాళ్లకీ చెప్పండి.